ఆస్కారా, జాతీయ అవార్డా, ఏది గొప్ప?

పాటల రచయిత చంద్రబోస్‌కి 2023లో రెండూ వచ్చాయి. మార్చిలో ‘నాటు నాటు’కి ఆస్కార్, ఆగస్టులో ‘కొండ పొలం’ సినిమా పాటకి జాతీయ అవార్డు. మొదటిదానికి ఊరూవాడా స్టేటస్‌లు పెట్టుకున్నారు, రెండోది ఏ పాటకో అడిగితే చాలామంది నీళ్లు నములుతారు. నల్లమల అడవిలోకి గొర్రెలు తోలుకెళ్లే వాళ్ల కథలోని ‘ధమ్ ధమ్ ధమ్’ అది.

ఆస్కార్‌తో వచ్చేది ప్రచారం, కాదనను. కానీ అక్కడ ఓటు పడాలంటే ముందు ఓటర్లు సినిమా చూడాలి, వాళ్లకి చూపించడానికి షోలు, ఇంటర్వ్యూలు, బోలెడు ఖర్చు. పైగా అంతర్జాతీయ చిత్రం విభాగానికి దేశం తరఫున పంపేది ఒక్క సినిమానే. ఆ ఏడాది మనవాళ్లు పంపింది గుజరాతీ ‘ఛెల్లో షో’, ‘ఆర్ఆర్ఆర్’ సొంతంగా వేరే విభాగాల్లో పోటీపడి పాటకి గెలిచింది. 2024లో ఫ్రాన్స్‌లోని కాన్ చిత్రోత్సవంలో గ్రాండ్ ప్రీ (అక్కడ రెండో పెద్ద అవార్డు) కొట్టిన ‘ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్’ని కూడా పక్కనపెట్టి ‘లాపతా లేడీస్’ని పంపారు, ఆ లెక్క నాకు ఇప్పటికీ అర్థం కాదు.

జాతీయ అవార్డులో భాషకో ఉత్తమ చిత్రం ఉంటుంది, చిన్న సినిమాకీ చోటు దొరుకుతుంది. జ్యూరీ మీద గొడవలు మామూలే, అల్లు అర్జున్‌కి వచ్చినప్పుడూ జరిగాయి. అయినా పాటలో మాట విని అర్థం చేసుకునేవాళ్లు ఇచ్చేది ఇదే కాబట్టి నా ఓటు దీనికే. డాన్స్ స్టెప్పుకైతే ఆస్కార్!