‘డబుల్ ఎక్స్‌పోజర్ మోడల్’ పేరుతో అమ్ముతున్న పాత యాషికాలతో జాగ్రత్త

నల్గొండ, మిర్యాలగూడ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పాత ఫిల్ము కెమెరాలు కొనే మిత్రులకు హెచ్చరిక. యాషికా ఎలక్ట్రో 35ను ‘డబుల్ ఎక్స్‌పోజర్ ప్రత్యేక మోడల్’ అని చెప్పి, మామూలు ధరకు రెండింతలు అడిగేవారికి దయచేసి డబ్బు పంపకండి. అలాంటి మోడల్ లేనే లేదు. 1966లో మొదలైన ఈ రేంజ్‌ఫైండర్ రకం కెమెరాకు డబుల్ ఎక్స్‌పోజర్ కోసం, అంటే ఒకే ఫ్రేము మీద రెండుసార్లు తీయడానికి, విడిగా మీట ఏదీ ఉండదు. లివర్ తిప్పితే రీలు జరుగుతుంది, వెలుతురును లోపలికి వదిలే షట్టరూ అప్పుడే బిగుస్తుంది.

నాకు అంటగట్టిన కెమెరాలో ఉన్నది సౌకర్యం కాదు, రోగం. రీలును లాగే భాగం అరిగి జారిపోతోంది. పానగల్లు ఛాయా సోమేశ్వరాలయ మండపంలోని స్తంభాల మీద ఉదయసముద్రం అలలు పరుచుకున్నట్టు తీయాలని నాకు ఎంతో ఆశ. రీలు హైదరాబాద్ పంపి కడిగిస్తే, స్తంభం నిలువునా తెగి పక్క ఫొటోలోని మెట్ల మీదికి ఎక్కి కూర్చుంది. నెగెటివ్‌ను వెలుతురుకు పట్టి చూశాను. రెండు ఫ్రేములు ఒకదానిపై ఒకటి పడినచోట నల్లటి పట్టీ, దాని అంచున స్కేలుతో గీసినట్టు ఫ్రేము హద్దు. అమ్మినతను మాత్రం “మీరడిగిన డబుల్ ఎక్స్‌పోజర్ ఇదే కదా” అన్నాడు. పాడైపోయిన వస్తువుకు కళ పేరు తగిలించి అమ్మడం కన్నా అన్యాయం ఏముంటుంది?

తేడా పట్టుకోవడం కష్టం కాదు. 35 ఎం.ఎం. రీలులో ఒక్కో ఫ్రేముకు అంచు రంధ్రాలు 8. సరైన డబుల్ ఎక్స్‌పోజర్‌లో రెండు బొమ్మలకూ హద్దులు ఒక్కటే, పక్క ఫ్రేముకూ దానికీ మధ్య ఖాళీ కూడా సమానంగా ఉంటుంది. జారే కెమెరాలో ఈ ఖాళీలు ఇష్టం వచ్చినట్టు మారతాయి. అందుకే నమూనా ఫొటోలు చూసి మురిసిపోకుండా నెగెటివ్ పట్టీ మొత్తం చూపించమనండి.

వెనక మూత తెరిచి, పనికిరాని రీలు ఎక్కించి వీడియో కూడా తీయించండి. ఫిల్ము మీద పెన్నుతో గుర్తు పెట్టి లివర్ తిప్పితే ఆ గుర్తు సరిగ్గా 8 రంధ్రాలు జరగాలి. తర్వాత షట్టర్ ఒకసారి నొక్కి, రివైండ్ గుండీ తిప్పి రీలు వదులు తీసి, దాన్ని కదలకుండా పట్టుకుని, అడుగున ఉన్న రివైండ్ బటన్‌ను నొక్కి ఉంచి మళ్లీ లివర్ తిప్పించండి. ఈసారి షట్టర్ మాత్రమే బిగిసి, గుర్తు ఉన్నచోటే ఉండాలి. వెంట్రుకవాసి కదిలితే పరవాలేదు. మంచి స్థితిలో ఉన్న మామూలు ఎలక్ట్రోతో డబుల్ ఎక్స్‌పోజర్ తీసే పద్ధతి కూడా ఇదే, దీనికి అదనంగా పైసా ఇవ్వనక్కరలేదు. వెలుతురు రెండుసార్లు పడుతుంది కాబట్టి 200 వేగం రీలు వేస్తే ఏ.ఎస్.ఏ. (ఫిల్ము వేగం) చక్రాన్ని 400 మీద పెట్టుకోండి.

‘షట్టర్ భేషుగ్గా కొడుతోంది’ అనే మాటనూ నమ్మవద్దు. బ్యాటరీ లేకపోయినా ఈ కెమెరా క్లిక్‌మంటుంది, కానీ సాధారణంగా సెకనులో 500వ వంతు వేగంతోనే. దీనికి వేసే 5.6 వోల్టుల పాదరసం బ్యాటరీలు ఇప్పుడు తయారు కావడం లేదు. అడాప్టర్‌తో వేరే బ్యాటరీ వేయించి, పరీక్ష బటన్ నొక్కితే ఆకుపచ్చ దీపం వెలుగుతోందో లేదో చూడండి. షట్టర్ బటన్ సగం నొక్కి లెన్సును నీడ వైపు, ఎండ వైపు తిప్పినప్పుడు పసుపు, ఎరుపు బాణాలు కూడా వెలగాలి.

ఇప్పటికే కొని ఇరుక్కున్నవారు ప్రకటన స్క్రీన్‌షాట్, డబ్బు చెల్లించిన రసీదు, నెగెటివ్‌లు జాగ్రత్త చేసుకోండి. ఇదే వ్యాపారంగా అమ్మేవారి మీద జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు చేయవచ్చు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం అమ్మకందారు ఏ ఊళ్లో ఉన్నా మనం ఉండే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే కేసు వేయవచ్చు. నేను నల్గొండలో వేయబోతున్నాను. ఇలాంటి ప్రకటన చూసి మోసపోయినవారు ఉంటే కింద రాయండి, కాగితాలు ఎలా సిద్ధం చేసుకోవాలో చెబుతాను.