వారం రోజుల విశ్రాంతి రూల్‌తో మూడేళ్లు ఆడాక

మేం ఐదుగురం నాలుగేళ్లుగా శనివారం రాత్రుళ్లు డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడుతున్నాం. ఒక్కొక్కరు ఒక్కో వీరుడి పాత్ర తీసుకుని, కలిసి కథ నడిపించే ఆట ఇది. 2014లో వచ్చిన ఐదో ఎడిషన్ రూల్స్. డంజన్ మాస్టర్‌ని, అంటే కథ నడిపేవాడిని, నేనే. మొదటి ఏడాది పుస్తకంలో ఉన్నట్టే ఆడాం. చావు అంచుదాకా వెళ్లిన వీరుడు కూడా ఎనిమిది గంటలు పడుకుని లేస్తే హిట్ పాయింట్లన్నీ, అంటే ప్రాణబలమంతా, తిరిగి వచ్చేస్తాయి. వారమంతా ఆఫీసులో నలిగినవాళ్లకు ఆ తేలికతనం హాయిగానే ఉండేది. కానీ కొన్నాళ్లకు యుద్ధమంటే ఎవరికీ భయం లేకుండా పోయింది.

వాస్తవికత కోసం ముందు బరువుల లెక్క పెట్టాం. బలం స్కోరు 15 ఉన్న పాత్ర 225 పౌండ్లు మోయగలడు, అంటే దాదాపు వంద కిలోలు. కాగడా గంటసేపే వెలుగుతుంది. యుద్ధం తర్వాత వెతికితే వేసిన బాణాల్లో సగమే దొరుకుతాయి. ఇవన్నీ రాసుకుంటూ కూర్చునేవాళ్లం. తీరా చూస్తే గుడ్‌బెర్రీ మంత్రంతో పది పళ్లు వస్తాయి, ఒక్కో పండు ఒకరికి రోజంతా సరిపోయే తిండి. ఇక ఆకలి ఎక్కడిది? రెండు నెలలకే ఆ లెక్కలు మానేశాం.

మా ఆటను మార్చింది ఆట నడిపేవాళ్ల కోసం రాసిన డంజన్ మాస్టర్స్ గైడ్ పుస్తకంలో ఉన్న గ్రిట్టీ రియలిజం అనే ఐచ్ఛిక రూల్. కాస్త కోలుకునే చిన్న విశ్రాంతికి మామూలుగా గంట చాలు, దీంట్లో ఎనిమిది గంటలు. పూర్తిగా కోలుకునే పెద్ద విశ్రాంతికి ఎనిమిది గంటల బదులు ఏడు రోజులు. అంతే మార్పు. కానీ గాయపడ్డ మా యోధుడు ఒక ఊళ్లో పిండిమర నడిపే ముసలాయన ఇంట్లో వారం పడుకోవాల్సి వచ్చింది. అంతవరకూ ఊరంటే మాకు సరుకులు కొనే చోటు, అంతే. ఆ వారంలో ఎవరి పొలం ఎండిందో, ఎవరి కొడుకు తిరిగి రాలేదో తెలిసింది. తర్వాత ఆ ఊరి మీదికి గోబ్లిన్లనే పొట్టి రాక్షసులు వస్తున్నాయని తెలియగానే నలుగురూ నిధి వేట వదిలేసి వెనక్కి తిరిగారు. నేను ఒక్క మాట కూడా చెప్పలేదు. ఈ నాలుగేళ్లలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన రాత్రి అది.

లోపాలూ ఉన్నాయి. ఒంటికి కవచంలా కాపాడే మేజ్ ఆర్మర్ లాంటి మంత్రాల గడువు ఎనిమిది గంటలే. పోయిన మంత్రశక్తి తిరిగి రావడానికి మాత్రం మాంత్రికుడు వారం ఆగాలి. వార్‌లాక్ అనే మరో రకం మంత్రగాడికి చిన్న విశ్రాంతి, అంటే ఒక రాత్రి నిద్ర చాలు. మా మాంత్రికుడు నెలరోజులు ఓపిక పట్టి, చివరికి గట్టిగానే అడిగాడు. అలాంటి మంత్రాల గడువు రెండు రోజులకు పెంచాం. పెద్ద గుహల్లోకి దిగినప్పుడు ఈ రూల్ అసలు పనికిరాదు, అక్కడ మామూలు పద్ధతే.

పోయినేడాది మాలో ఒకరి నాన్నగారు చాలాకాలం ఆసుపత్రిలో ఉండి చనిపోయారు. వాడు మళ్లీ ఆటకు వచ్చినప్పుడు, "కొన్నాళ్లు గాయాలూ మంచాలూ వద్దురా" అన్నాడు. మూడు నెలలపాటు పాత పద్ధతిలోనే ఆడాం. గ్రిఫిన్లనే రెక్కల జంతువుల మీద ఎగిరాం, రాత్రి పడుకుంటే తెల్లారేసరికి అన్నీ మానిపోయేవి. ఆ మూడు నెలలూ వాడు ఒక్క శనివారం కూడా మానలేదు. తర్వాత ఒకరోజు వాడే అడిగాడు, ఆ పిండిమర ఊరికి మళ్లీ ఎప్పుడు వెళ్దామని.