సైట్ సమస్యల షీట్: రెండేళ్లు వాడాక

హైదరాబాద్‌లో స్టిల్ట్ (కింద పార్కింగ్) ప్లస్ 5 అంతస్తుల అపార్ట్‌మెంటు పనికి ఆన్‌లైన్ స్ప్రెడ్‌షీట్‌లో సమస్యల పట్టీ పెట్టి, పునాది నుంచి టైల్స్ దాకా నడిపాక రాస్తున్న సమీక్ష ఇది. ఖర్చేమీ లేదు, నేర్చుకోవడానికి అరపూట చాలు.

మొదట్లో ఉన్న 'తీవ్రత' కాలమ్ శుద్ధ దండగ. హై, మీడియం, లో అని ఇస్తే అందరూ హై అనే రాస్తారు. ఎలక్ట్రీషియన్‌కు తన పైపు హై, ప్లంబర్‌కు తన పైపు హై. దాన్ని తీసేసి 'ఇది తేలకపోతే ఏ పని, ఏ తేదీన ఆగుతుంది' అని పెట్టాకే షీట్ పనికొచ్చింది. ఆ తేదీ ప్రకారం వరుస పెట్టి, వచ్చే 10 రోజుల్లో ఆగే పనుల్ని మాత్రం రోజూ పొద్దున 15 నిమిషాలు చూస్తే సరి. బాత్రూం డ్రెయిన్ స్లీవ్ (పైపు పోవడానికి స్లాబ్‌లో ముందే వదిలే రంధ్రం) ఎక్కడ వదలాలో తేలలేదు, శుక్రవారం స్లాబ్ అనుకోండి. వినడానికి చిన్నదే. కాంక్రీటు పడ్డాక మాత్రం రంధ్రం కోయడానికి కోర్ కటింగ్ మెషిన్ తేవాలి, రంధ్రం బీమ్ మీదికొస్తే స్ట్రక్చరల్ ఇంజనీరు ఒప్పుకోడు. లిఫ్ట్ లాబీ గ్రానైట్ రంగు గొడవ ఎంత గట్టిగా వినిపించినా మూడు నెలలు ఆగుతుంది.

'ఏమైంది' గడిలో చూసింది రాయాలి, కారణం రాయకూడదు. "కాంక్రీటు నాసిరకం" అని రాస్తే కాంక్రీటు పంపే ప్లాంటువాళ్లతో పోట్లాట తప్ప ఇంకేం జరగదు. "మూడో స్లాబ్, ఎం25, 7 రోజుల క్యూబుల సగటు చదరపు మిల్లీమీటరుకు 13 న్యూటన్లు" అంటే ఏం చూడాలో వెంటనే తెలుస్తుంది. క్యూబులంటే బలం పరీక్షకు అదే కాంక్రీటుతో పోసిన దిమ్మలు. ఎం25 అంటే 28 రోజులకు 25 న్యూటన్ల బలం రావాల్సిన కాంక్రీటు. ఏడు రోజులకు అందులో సుమారు 65 శాతం, అంటే 16 దాకా రావాలి. తక్కువొస్తే ముందు ట్రక్కు చలాన్‌లో లోడింగ్ టైమ్ చూడాలి. ఔటర్ రింగ్ రోడ్డు దిగాక ట్రాఫిక్‌లో ఇరుక్కున్న ట్రక్కు, లోడింగ్ నుంచి కాంక్రీటు దించేదాకా ఉన్న రెండు గంటల గడువు దాటేస్తుంది. డ్రమ్ములో ఎవరైనా నీళ్లు పోశారా? క్యూబులు తొట్టిలో నానాయా, ఎండలో పడున్నాయా? ఈలోగా సెంట్రింగ్ సపోర్టులు కదపొద్దు, స్లాబ్ మీద ఇటుకలు పేర్చొద్దు. 28 రోజులకూ తగ్గితే కోర్ టెస్టే, అంటే గట్టిపడ్డ కాంక్రీటులోంచి గుండ్రటి ముక్కలు కోసి పరీక్షించడమే. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణం ఐఎస్ 456 ప్రకారం కనీసం మూడు కోర్లు తీయాలి. వాటి సగటు ఆ గ్రేడు బలంలో 85 శాతం ఉండాలి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకూడదు.

బాధ్యుడి గడిలో ఒక్క పేరే ఉండాలి. "కాంట్రాక్టర్, ఆర్కిటెక్ట్" అని ఇద్దర్నీ రాసిన లైన్ ఎక్కడిదక్కడే ఉంటుంది. ఆ లైన్‌ను 'తేలింది' అని మూసే హక్కు మాత్రం సమస్య చెప్పినవాళ్లదే. బాత్రూం వాటర్‌ప్రూఫింగ్ "అయిపోయింది సార్" అంటే చాలదు. 48 గంటలు నీళ్లు నిలబెట్టి, కింది సీలింగ్‌కు చెమ్మ లేదని ఫోటో పెట్టాకే మూయాలి.

చికాకులూ ఉన్నాయి. మేస్త్రి షీట్ తెరవడు, వాట్సాప్‌లో వాయిస్ మెసేజ్ పెడతాడు. సైట్ ఇంజనీరు సాయంత్రం కూర్చుని దాన్ని ఎక్కించాలి. రెండు రోజులు మానేస్తే కథ మళ్లీ గ్రూపులోకే పోతుంది. ఒకరు సార్ట్ చేస్తే అందరికీ వరుస మారుతుంది కాబట్టి ఎవరి వరుస వాళ్లకే కనిపించే ఫిల్టర్ వ్యూ వాడాలి, మూసిన లైన్లకు తాళం వేయాలి. లిఫ్ట్ పిట్‌లో సిగ్నల్ అందదు, అక్కడికి దిగేముందే ఫోనులో ఆఫ్‌లైన్ ఆన్ చేసుకోవాలి. ఒక్క బిల్డింగుకు ఇది ధారాళంగా సరిపోతుంది. మూడు నాలుగు సైట్లను ఒకే షీట్‌లో కుక్కితే మాత్రం పొద్దుటి 15 నిమిషాలు గంటన్నర అవుతాయి.