పూల్ చెరిగిపోయాక ఫోటోరెక్: మూడేళ్లు వాడాక నా మాట

విజయనగరంలో గంటస్తంభం దగ్గర మా స్టూడియో. పెళ్లిళ్ల సీజన్‌లో ఎవరో ఒకరు కెమెరా కార్డు ఫార్మాట్ కొట్టేసి పరుగెత్తుకొస్తారు. మూడేళ్లుగా అలాంటి ప్రతిసారీ నేను తెరిచేది ఫోటోరెక్, చెరిగిపోయిన ఫైళ్లను వెలికితీసే సాఫ్ట్‌వేర్. ఉచితం, ఓపెన్ సోర్స్, బటన్లూ బొమ్మలూ ఉండవు గానీ రెండుసార్లు వాడితే చేయి తిరుగుతుంది. కార్డుల వరకు నిశ్చింతగా వాడొచ్చు. అసలు పరీక్ష పోయినేడాది ఎదురైంది.

మా పాత పనులన్నీ రెండు 4 టీబీ డిస్కుల జెడ్‌ఎఫ్‌ఎస్ మిర్రర్ పూల్‌లో ఉండేవి. జెడ్‌ఎఫ్‌ఎస్ అంటే డిస్కులను కలిపి ‘పూల్’ అనే ఒకే నిల్వగా నడిపే ఫైల్ సిస్టమ్, మిర్రర్ అంటే రెండు డిస్కుల్లోనూ ఒకే డేటా. ఆ పూల్‌ను ఎక్స్‌పోర్ట్ చేసి, అంటే సిస్టమ్ నుంచి విడదీసి, సెకండ్‌హ్యాండ్‌లో కొన్న ఇంకో రెండు డిస్కులు తగిలించి రీబూట్ చేశాను. డిస్కులకు సిస్టమ్ పెట్టే ఎస్‌డీఏ, ఎస్‌డీబీ పేర్లు అటూ ఇటూ మారాయి, నేను చూసుకోలేదు. కొత్త పూల్ పెట్టబోతే ‘ఇందులో ఇప్పటికే పూల్ ఉంది’ అని ఆపింది. సెకండ్‌హ్యాండ్ డిస్కుల సంగతే అనుకుని, ‘బలవంతంగా పెట్టెయ్’ అనే మైనస్ ఎఫ్ కొట్టేశాను. తీరా అది పడింది మా పాత డిస్కుల మీద.

మళ్లీ తగిలించగల పూల్‌లను చూపే ఇంపోర్ట్ లిస్టులో పాత పూల్ లేదు. తీసేసిన పూల్‌లను చూపే మైనస్ డీ పెట్టినా లేదు. చేతులు చల్లబడ్డాయి. జెడ్‌ఎఫ్‌ఎస్ ప్రతి డిస్కు మీదా, అది ఏ పూల్‌దో చెప్పే లేబుల్‌ను నాలుగు చోట్ల రాసుకుంటుంది, మొదట్లో రెండు, చివర్లో రెండు. ఆ నాలుగూ కొత్త పూల్‌వి అయిపోయాయి. కొత్త పూల్‌లో ఇంకా ఏమీ కాపీ చేయలేదు కాబట్టి ఫోటోలు చాలావరకు ఉన్నచోటే ఉంటాయి. వెంటనే మెషీన్ ఆపేశాను.

ముందు డీడీరెస్క్యూతో ఒక డిస్కును వేరే డిస్కులోకి మొత్తం కాపీ తీశాను. ఎనిమిది గంటల పని. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది. ఎంతవరకు కాపీ అయిందో గుర్తుంచుకునే మ్యాప్ ఫైల్ పెట్టుకున్నాను గనుక ఆగినచోటి నుంచే మళ్లీ మొదలైంది. ఆ కాపీ మీదే ఫోటోరెక్ నడిపాను.

జేపీజీల్లో సగానికి పైగా చక్కగా వచ్చాయి. జెడ్‌ఎఫ్‌ఎస్ మామూలుగా ఫైల్‌ను 128 కేబీ ముక్కలుగా రాస్తుంది. ముక్కలు పక్కపక్కన పడితే ఫోటో నిండుగా వస్తుంది, లేకపోతే చెడుతుంది. సిరిమానోత్సవం ఫోటో ఒకటి తెరిస్తే సిరిమాను చివర పూజారి నడుము దాకా ఉన్నారు, కింద జనం ఉండాల్సిన చోటంతా బూడిద రంగు. వీడియోలైతే ఒక్కటీ పూర్తిగా రాలేదు. నాది మిర్రర్ కాబట్టి ఈమాత్రమైనా దక్కింది. అదే జెడ్‌ఎఫ్‌ఎస్‌లోని ఇంకో పద్ధతి రైడ్-జెడ్ అయితే ఫైల్ ముక్కలు డిస్కులన్నిటి మీదా పరుచుకుని ఉంటాయి, ఒక్క డిస్కు చూసి లాభం లేదు. పూల్‌ను మొత్తంగా చదివి నిలబెట్టే ప్రత్యేక సాఫ్ట్‌వేర్ కావాలి.

ఫోటోరెక్‌తో నాకున్న అసలు బాధ పేర్లు పోవడం. ‘ఎఫ్’ పక్కన ఓ పెద్ద నంబరు, అంతే. అదృష్టం కొద్దీ ఫోటో లోపలి తేదీ చెరగదు. ఆ వివరాలు చదివే ఎగ్జిఫ్‌టూల్‌తో తేదీలవారీగా వేరు చేశాను. బొండపల్లి నుంచి ఒకాయన వచ్చి, “బాబూ, మా అమ్మ ఫోటో ఒక్కటి దొరికినా చాలు” అన్నారు. ఆవిడ పోయి ఆరు నెలలు. మనవరాలి పెళ్లి తేదీ చెప్పారు. ఆ రోజు ఫోల్డర్‌లో నలభై రెండోది ఆవిడే, అక్షింతలు పట్టుకున్న చేయి సహా పూర్తిగా ఉంది. అక్కడే ప్రింట్ తీసిచ్చాను.

ఇప్పుడు పూల్ పెడితే డిస్కు సీరియల్ నంబరున్న బై-ఐడీ పేర్లతోనే పెడుతున్నాను, రెండో కాపీ మా ఇంట్లో ఉంటోంది. తేదీ కూడా లేని ఫోల్డర్లు ఇంకా కొన్ని మిగిలాయి. రాత్రి షట్టర్ దించాక రోజుకొకటి చూస్తున్నాను.