పది రంధ్రాల మౌత్ ఆర్గాన్: తొమ్మిదేళ్లు వాడి, విప్పి చూశాక

కొత్తగా కొనేవాళ్లు నన్నడిగే మొదటి మాట ‘ఏ కంపెనీది కొనాలి?’ అని. తొమ్మిదేళ్లుగా వాడుతున్నాక, నేను ముందు చూసేవి వేరే రెండు ఉన్నాయి. ఇది స్క్రూలతో విప్పడానికి వస్తుందా, రీడ్ ప్లేట్లు (రీడ్లు, అంటే స్వరం పలికించే సన్నటి లోహపు నాలుకలు, బిగించిన పలకలు) విడిగా దొరుకుతాయా. ఈ రెండూ కుదిరితే మిగతా పని ఇంట్లో చేసుకోవచ్చు. కుదరకపోతే ఎంత పేరున్నదైనా ఒక్క రీడు పోయిన రోజున బీరువాలో మూలకు చేరుతుంది.

నేనుండేది ప్రొద్దుటూరులో. చిన్నప్పుడు తిరునాళ్లలో కొనిచ్చిన ట్రెమోలో రకం వాయించేవాణ్ణి. దాంట్లో ఒక్కో స్వరానికి రెండేసి రీడ్లుంటాయి, రెండింటి శ్రుతికీ కొంచెం తేడా పెడతారు కాబట్టి పలుకు అలలా ఊగుతుంది. వినడానికి హాయిగా ఉంటుంది గానీ స్వరాన్ని కిందికి జార్చబోతే లొంగదు. గమకం మీద మనసు పడ్డాకే డయాటానిక్ అనే పది రంధ్రాల రకానికి వచ్చాను.

ఇది పది రంధ్రాలు, ఇరవై రీడ్ల వాయిద్యం. C కీలోది తీసుకుంటే మన లెక్కలో ఒకటి శ్రుతి. నాలుగో రంధ్రం నుంచి ఏడో రంధ్రం దాకా ఊదుతూ పీలుస్తూ పోతే శంకరాభరణం పూర్తిగా వస్తుంది. అదే వాయిద్యంలో పంచమాన్ని షడ్జమం అనుకుంటే హరికాంభోజి, రిషభాన్ని అనుకుంటే ఖరహరప్రియ. కింది స్థాయిలో మాత్రం మధ్యమం, ధైవతం ఉండవు. అవి కావాలంటే రెండో రంధ్రంలో, మూడో రంధ్రంలో పీలుస్తూ స్వరాన్ని వంచాలి. దీన్నే బెండ్ అంటారు. మూడో రంధ్రంలో పీలిస్తే వచ్చే కాకలి నిషాదాన్ని కిందికి వంచుతూ పోతే కైశికి నిషాదం, చతుశ్రుతి ధైవతం, శుద్ధ ధైవతం మూడూ దొరుకుతాయి. ఆ మూడూ ఒక్క రంధ్రంలో ఉండటం వల్లే తప్పటడుగు వేయడం కూడా చాలా తేలిక.

తయారీ నాణ్యత తేలేది ఇక్కడే. బెండ్ ఒక్క రీడు పని కాదు. ఒకే రంధ్రం వెనక గదిలో ఉన్న ఊదే రీడు, పీల్చే రీడు రెండూ కలిసి కదిలితేనే స్వరం వంగుతుంది. గాలి ఇంకెక్కడి నుంచైనా కారిపోతుంటే ఆ జంట కుదరదు. నేను ఆన్‌లైన్‌లో మొదట కొన్న చౌక రకం (పేరు ఇక్కడ అనవసరం) మామూలు స్వరాలు బాగానే పలికేది, మూడో రంధ్రంలో వంచబోతే బుస్సుమనేది. నాకే చేతకావడం లేదనుకుని ఆరు నెలలు కష్టపడ్డాను. విప్పి చూస్తే రీడ్ ప్లేటుకీ కోంబ్‌కీ మధ్య విజిటింగ్ కార్డు మూల దూరేంత సందు. కోంబ్ అంటే మధ్యలో దువ్వెన పళ్లలా గదులుండే భాగం. ఆ ఆరు నెలలు తలచుకుంటే ఇప్పటికీ బాధగానే ఉంటుంది. నేర్చుకునేవాడు వాయిద్యం తప్పును తన తప్పనుకుని మానేస్తే ఎంత నష్టం!

తర్వాత కొన్నది హోనర్ స్పెషల్ 20. తొమ్మిదేళ్లలో ఎక్కువ కాలం జేబులో ఉన్నది ఇదే. ప్లాస్టిక్ కోంబ్, రీడ్ ప్లేట్లు దాని లోపలికి దిగి కూర్చుంటాయి, పెదాలకు లోహపు అంచు తగలదు. అన్నీ స్క్రూలే. ప్లాస్టిక్ అనగానే తక్కువ రకం అనుకునేవాళ్లున్నారు. అదే కంపెనీ మెరైన్ బ్యాండ్ 1896 నుంచి వస్తోంది. పాత పద్ధతిలో పియర్ చెక్క కోంబ్, మేకులతో బిగింపు. దాని డీలక్స్, క్రాసోవర్ రకాల్లో మేకుల స్థానంలో స్క్రూలు పెట్టి, కోంబ్‌కు తడి తగలకుండా పూత వేశారు, క్రాసోవర్‌లో అయితే వెదురు వాడారు. పలుకులో తేడా చెక్కదా, ప్లాస్టిక్‌దా అని నేను చాలా రాత్రులు కళ్లు మూసుకుని విన్నాను. నాకు వినిపించిన తేడా ఎక్కువగా కవర్ ప్లేట్ల (పైనా కిందా కప్పే రేకుల) ఆకారానిది, వెనక వైపు ఎంత తెరిచి ఉందన్నదానిది. కోంబ్ దేనితో చేశారన్నదానికంటే ఎంత చదునుగా ఉందన్నదే లెక్క.

సుజుకీ మాంజీ నాలుగేళ్లుగా వాడుతున్నాను. చెక్క పొడి, రెసిన్ కలిపిన కోంబ్, ఫాస్ఫర్ బ్రాంజ్ రీడ్లు. పెట్టెలోంచి తీసిన రోజునే సర్దుబాటు బాగుంది, నేను ముట్టుకోవలసింది తక్కువ. అయితే సుజుకీ రీడ్లు రివెట్‌తో కాక వెల్డింగుతో అతికి ఉంటాయి, ఒక్క రీడు మార్చాలంటే ఇంట్లో అయ్యే పని కాదు. లీ ఆస్కర్ పేరుతో జపాన్‌లో టోంబో కంపెనీ చేసేవి ఈ విషయంలో మేలు. రీడ్ ప్లేట్లు విడిగా అమ్ముతారు, పాత కోంబ్, పాత కవర్లు అలాగే ఉంచి లోపలివి మార్చుకోవచ్చు. జర్మనీలో క్లింగెంతాల్ ఊరి సైడెల్ వాళ్ల స్టెయిన్‌లెస్ స్టీల్ రీడ్లది ఒకటి మిత్రుడి దగ్గర రెండు నెలలు తెచ్చుకుని వాయించాను. గట్టి పలుకు, ఇత్తడిలా తొందరగా అలిసిపోని రీడ్లు. శ్రుతి మార్చాలంటే మాత్రం ఆకురాయికి ఇత్తడిలా తేలిగ్గా లొంగవు.

ఇక విప్పాక చేసే పని. మొదటిది కోంబ్ చదును చేయడం. కడప జిల్లాలో ఉండి కడప రాయి మీద నమ్మకం ఉండటం సహజం. వంటింటి గట్టు మీది నల్లరాయి అద్దంలా ఉంటుంది కదా అని దాని మీద ఎమరీ పేపర్ పరిచి రుద్దాను. స్కేలు నిలబెట్టి చూస్తే తెలిసింది, చేతికి నున్నగా తగిలే రాయికి మధ్యలో సన్నటి పల్లం ఉంది. తర్వాత మందపాటి గాజు పలక తెచ్చుకున్నాను. కోంబ్ మీద స్కెచ్ పెన్నుతో అడ్డంగా గీతలు గీసి, 400 నంబరు పేపర్ మీద ఎనిమిది అంకె ఆకారంలో నెమ్మదిగా తిప్పాలి. కాసేపటికి అంచుల్లో గీతలు పోయి, మధ్యలో మిగిలితే మధ్య గుంట ఉన్నట్టు. గీతలన్నీ పోయేదాకా రుద్ది, 600 మీద ముగించి, బ్రష్‌తో సబ్బునీళ్లలో కడగాలి. ఆ పొడి ఒక్క రేణువు రీడు పక్కన ఇరుక్కున్నా అది పలకదు. నా చౌక రకానికి ఈ ఒక్క పని చేశాక మూడో రంధ్రంలో బెండ్ వచ్చింది. ఆ సాయంత్రం అన్నం కూడా మర్చిపోయాను.

రెండోది రీడు ఎత్తు, అదే గ్యాప్. రీడు కొస ప్లేటు పైన ఎంత లేచి ఉందన్నది చూడాలి. సుమారుగా రీడు మందమంత ఉంటే మొదలుపెట్టడానికి చాలు. కింది స్వరాల రీడ్లకు ఎక్కువ, పై స్వరాలకు తక్కువ. మరీ తక్కువైతే గట్టిగా ఊదగానే గొంతు నొక్కినట్టు ఆగిపోతుంది, మరీ ఎక్కువైతే గాలి వృథా, పలుకు ఆలస్యం. ఎంత సరిపోతుందన్నది ఎవరి ఊపిరిని బట్టి వాళ్లకు. ఇనుప వస్తువు ముట్టించకుండా పళ్లు కుట్టుకునే పుల్లతో, ఒక్కసారి వెంట్రుకవాసి నొక్కి, వాయించి, మళ్లీ నొక్కుతాను. తొందరపడి ఎక్కువ వంచితే రీడు అతుకు దగ్గర లోహం అలసిపోవడం మొదలవుతుంది.

ప్లేటును ఎండకు ఎదురుగా పట్టుకుంటే రీడుకు రెండు పక్కలా సన్నటి వెలుగు గీత కనిపిస్తుంది. రెండు గీతలూ సమానంగా ఉండాలి. ఒక పక్క మాయమైతే రీడు ఆ వైపు రాసుకుంటోందని అర్థం. మే నెల ప్రొద్దుటూరు మధ్యాహ్నం ఈ పరీక్షకు చాలా బాగుంటుంది, ఏ టేబుల్ లైటూ అంత స్పష్టంగా చూపదు.

ఆ వెలుగు గీతనే సన్నం చేసే పని ఒకటుంది. స్లాట్ (ప్లేటులో రీడు కదిలే చీలిక) అంచు వెంట నున్నటి ఉక్కుతో ఒత్తుతూ పోతే ఇత్తడి లోపలికి కాస్త జరుగుతుంది, గాలి కారడం తగ్గుతుంది. ఎంబాసింగ్ అంటారు. ఇది నాకు సరిగా నేర్పింది మా వీధి చివర నగలు చేసే ఆచారన్న. బంగారు పనికి పేరున్న ఊళ్లో ఉన్నందుకు నాకు దక్కిన భాగ్యం అది. మౌత్ ఆర్గాన్ లోపల ఏముంటుందో ఆయన అంతవరకూ చూడలేదు. శ్రావణంతో ప్లేటు పట్టుకుని, భూతద్దం కింద పెట్టి, నా చేతిలో ఆకురాయి చూసి అన్నాడు.

“ఇత్తడే గదా సార్, ఎందుకింత భయపడతాండావు? భయపడితే చెయ్యి బరువైతాది. గీకొద్దు, తుడిచినట్టు పోవల్ల.”

“ఎక్కువ పోతే ఎట్లన్నా?”

“పోయింది మళ్లా రాదు. అందుకే ఒక తూరి తుడువు, పది తూర్లు విను.”

నగకు మెరుగు పెట్టే ఉక్కు పుల్లతో ఆయన నాలుగు స్లాట్లు ఒత్తి చూపించాడు, మిగతావి నాతో చేయించాడు. ఒకచోట ఎక్కువై రీడు జివ్వుమని అంచుకు తగిలింది. మెకానిక్ షాపుల్లో దొరికే ఫీలర్ గేజ్‌లో 0.05 మిల్లీమీటర్ల రేకు తీసుకుని రీడు పక్కన నడిపితే ఆ గరుకు పోయింది. ఈ పని, గ్యాప్ తగ్గించడం రెండూ చేశాక స్పెషల్ 20లో ఆరో రంధ్రం ఓవర్‌బ్లో పలికింది. అంటే ఊదుతూనే పైకి ఎగిరే స్వరం. అమెరికాలో మౌత్ ఆర్గాన్ విద్వాంసుడు హోవర్డ్ లెవీ ఈ పద్ధతిని పూర్తిగా అలవరచుకుని చూపించాడు. నాలుగులో సాధారణ గాంధారం, ఐదులో ప్రతిమధ్యమం, ఆరులో కైశికి నిషాదం ఇలా వస్తాయి. బెండ్లు కూడా కలుపుకుంటే మధ్య స్థాయిలో పన్నెండు స్వరస్థానాలూ చేతికొచ్చినట్టే. నాకు ఆరు, ఐదు నిలిచాయి, నాలుగు ఇంకా పది సార్లలో నాలుగు సార్లే.

నాకు అన్నిటికంటే ఇష్టమైన మార్పు మాత్రం శ్రుతిది. కీబోర్డు పక్కన వాయించేటప్పుడు బాగున్న వాయిద్యం తంబురా పెట్టుకుని వాయిస్తే గాంధారం దగ్గర గుచ్చుకునేది. చెవి దోషం అనుకున్నాను. లెక్క చూస్తే విషయం తెలిసింది. ఒక అర్ధస్వరాన్ని వంద భాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు (పొలం సెంటు కాదు). కీబోర్డు గాంధారం షడ్జమం నుంచి సరిగ్గా 400 సెంట్ల ఎత్తులో ఉంటుంది, తంబురా తీగలోంచి తనంతట తాను పలికే అంతర గాంధారం 386 దగ్గర. లీ ఆస్కర్ వాయిద్యాల శ్రుతి కీబోర్డు లెక్కనే ఉంటుంది, నేను మార్చింది నా దగ్గరున్న C కీ లీ ఆస్కర్‌ని. గాంధారాలున్నది 2, 5, 8 రంధ్రాల్లో, మూడూ ఊదే రీడ్లే. రీడు కొస దగ్గర తుడిస్తే స్వరం పైకి, అతుకు దగ్గర తుడిస్తే కిందికి. రీడు కింద సన్నటి రేకు ఆసరా పెట్టి, అతుకు దగ్గర ఆచారన్న చెప్పినట్టే తుడుస్తూ, ఫోన్‌లో ట్యూనర్ చూస్తూ మూడింటినీ పద్నాలుగు సెంట్లు దించాను. నిషాదాలను పన్నెండు. ధైవతం జోలికి పోలేదు, ఎందుకంటే పంచమం నుంచి హరికాంభోజి వాయించేటప్పుడు అదే రిషభం అవుతుంది, దించితే అక్కడ చెడుతుంది. ఒక్కో రీడుకు పది నిమిషాలు పట్టింది, తుడిచిన వేడి తగ్గేదాకా ఆగి కొలవాలి.

తర్వాత తంబురా యాప్ పెట్టుకుని ఐదో రంధ్రం ఊదాను. తంబురా, గాంధారం విడివిడిగా వినిపించడం మానేశాయి. ఇప్పుడు ఆ వాయిద్యాన్ని కీబోర్డు పక్కకు తీసుకెళ్లను, దానికి మాంజీ ఉంది.

వాతావరణం గురించి ఒక మాట. మా దగ్గర ఎండాకాలం పూత లేని చెక్క కోంబ్‌కు కష్టకాలం. ఎండకు కుంచించుకుంటుంది, గంట వాయిస్తే నోటి తడికి ఉబ్బి దాని పళ్లు బయటికొచ్చి పెదవి కోస్తుంది. పాతవాళ్లు నీళ్లలో నానబెట్టేవారని విని నేనూ నానబెట్టి ఒకటి పాడుచేసుకున్నాను. ఆరబెట్టి, ఉబ్బిన పళ్లు సమం చేసి, కరిగిన తేనెమైనం పట్టించాక దారికొచ్చింది. మే నెలలో బండి డిక్కీలో దేన్నీ వదలకండి. తిన్న వెంటనే వాయించకండి.

ఇప్పుడు ఎవరైనా కొంటానంటే C కీలో, స్క్రూలతో విప్పే ప్లాస్టిక్ కోంబ్‌ది ఒకటి చాలంటాను. పూత వేసిన చెక్కది నచ్చితే అదీ మంచిదే. కొన్న రోజే ప్లేటుకూ కోంబ్‌కూ మధ్య సందుందేమో వెలుగుకు పెట్టి చూడండి, ఉంటే వెనక్కి పంపేయండి. సందు లేకపోతే మొదటి మూడు నెలలు స్క్రూడ్రైవర్ దగ్గరికి పోకండి. నాలుగో రంధ్రంలో పీల్చి వంచడం వచ్చి, మూడులో రాకపోతే అప్పుడు విప్పండి. నాలుగులోనే రావడం లేదంటే పని ఇంకా నాలుకదే.