ఎడారి ఎండకు ఏ ఇల్లు మేలు: విడిగా కట్టినదా, గోడలు కలిపి కట్టినదా?

లిబియా ఎడారిలో గదామిస్ అని ఒక పాత ఒయాసిస్ ఊరుంది. గత శతాబ్దం చివర్లో ఆ ఊరి జనం పక్కనే కట్టిన కొత్త కాలనీకి మారిపోయారు. వెడల్పాటి రోడ్లు, కాంక్రీటు ఇళ్లు, కరెంటు, కుళాయిలు, అన్నీ ఉన్నాయక్కడ. అయినా ఎండలు ముదిరితే చాలామంది మళ్లీ పాత ఊరికే వచ్చి చల్లగా కూర్చుంటారు. అలాగని కొత్త ఇళ్లు ఖాళీ చేసిందీ లేదు. ఎడారిలో ఇల్లు కట్టాలనుకునేవాళ్లు ఈ రెండు సంగతులనూ కలిపి చూడాలి.

ఈ విషయంలో వాదన ఎప్పుడూ మట్టా, కాంక్రీటా అన్న దగ్గరే మొదలవుతుంది. నన్నడిగితే అది రెండో ప్రశ్న. ఇంటికి ఎన్ని గోడలు ఎండలో ఉన్నాయన్నది మొదటిది. స్థలం మధ్యలో విడిగా కట్టిన ఇంటికి నాలుగు గోడలూ, కప్పూ అన్నీ ఎండలోనే. పక్కిళ్లను ఆనుకుని కట్టిన ఇంటికి వీధి వైపు గోడ, కప్పు మాత్రమే ఎండకు చిక్కుతాయి. నడినెత్తి మీది ఎండను చూరు ఆపుతుంది. పొద్దున తూర్పు నుంచి, సాయంత్రం పడమర నుంచి ఏటవాలుగా వచ్చే ఎండను మాత్రం ఏ చూరూ ఆపలేదు, పక్కింటి గోడ ఆపుతుంది. అంతకన్నా చవకైన నీడ ఇంకోటి లేదు.

వీధి సంగతీ అంతే. ఇరుకు సందులో, రెండు వైపులా ఎత్తైన గోడలుంటే ఎండ నేలకు తగిలేది మధ్యాహ్నం కాసేపే. గదామిస్‌లో ఇంకో అడుగు ముందుకేశారు. పై అంతస్తులను సందు మీదకే జరిపి కట్టడంతో కింద నడుస్తుంటే సొరంగంలో వెళ్తున్నట్టుంటుంది. పైన అక్కడక్కడా వదిలిన ఖాళీల్లోంచి వెలుగు పడుతుంది. పైన మిద్దెలన్నీ ఒకదానికొకటి కలిసే ఉంటాయి. కిందికి దిగకుండానే ఆడవాళ్లు మిద్దెల మీదుగా ఒక ఇంటి నుంచి ఇంకో ఇంటికి వెళ్లేవారు. విల్లాల కాలనీలో మధ్యాహ్నం రెండింటికి వీధిలో పురుగు కూడా కనపడదు. పక్కింటికి వెళ్లాలన్నా కారే. దానికితోడు ప్రతి ఇంటి ఏసీ లోపలి వేడిని తెచ్చి అదే వీధిలో పోస్తుంది.

ఇప్పుడు మట్టి సంగతి. 40-50 సెంటీమీటర్ల మందం ఉన్న పచ్చి ఇటుక గోడలోంచి వేడి లోపలికి చేరడానికి సుమారు 8 నుంచి 12 గంటలు పడుతుంది. మిట్టమధ్యాహ్నపు వేడి ఇంట్లోకి వచ్చేసరికి బయట రాత్రై చల్లబడుతుంది, మీరు మిద్దె మీద పడుకుని ఉంటారు. 15 సెంటీమీటర్ల కాంక్రీటు శ్లాబ్‌కు నాలుగు గంటలు చాలు. అందుకే సాయంత్రం ఆరింటికి ఫ్యాన్ వేస్తే వేడిగాలి కొడుతుంది.

అయితే మట్టిని నెత్తిన పెట్టుకోలేను. వానకు కరిగిన పూతను ఎప్పటికప్పుడు మళ్లీ వేయాలి, ఆ పని తెలిసిన మేస్త్రీలు తగ్గిపోయారు. భూకంపమంటే అసలే భయం. 2003లో ఇరాన్‌లోని బామ్‌లో పాతిక వేల మందికి పైగా చనిపోవడానికి కూలిన పచ్చి ఇటుక ఇళ్లే పెద్ద కారణం. భూమి కదిలే చోట కాంక్రీటు ఫ్రేమ్ కట్టి, బయటి వైపు ఇన్సులేషన్, అంటే వేడిని ఆపే పొర వేసి, కప్పుకు తెల్ల సున్నం కొట్టడమే మేలు. ఇన్సులేషన్ లోపల వేస్తే గోడ బరువు వల్ల వచ్చే లాభమంతా పోతుంది.

మండువా మేలా, గాలి బురుజు మేలా? గాలి బురుజంటే పైన వీచే గాలిని పట్టి ఇంట్లోకి దించే ఎత్తైన కట్టడం. ఇరాన్‌లోని యజ్ద్ ఊరి బురుజులు చూడ్డానికి అద్భుతం. కానీ దుమ్మునూ లోపలికి దించుతాయి, గాలి లేని రోజు పెద్దగా పనిచేయవు. మండువాకే నా ఓటు. రాత్రి చల్లగాలి అందులోకి దిగి పొద్దున చాలాసేపు నిలుస్తుంది. కాకపోతే లోతుగా, ఇరుకుగా ఉండాలి. విశాలంగా కడితే పెనమే. సముద్రపు ఒడ్డు ఎడారుల్లో రాత్రి కూడా ఉక్కే కాబట్టి ఈ లెక్కలు సగమే పనిచేస్తాయి. అబూదాబీ దగ్గర కొత్తగా కట్టిన మస్దార్ నగరంలో ఇరుకు వీధులు వేసి, 45 మీటర్ల గాలి బురుజు కట్టి కూడా ఏసీ వదల్లేదు. ఏసీ పని కొంత తగ్గించుకున్నారు.

కలిసి కట్టడంలో అసలు చిక్కు కలిసి ఉండటమే. ఈజిప్టులో 1940లలో హసన్ ఫతీ అనే ఆర్కిటెక్ట్ న్యూ గుర్నా అనే ఊరిని మట్టి ఇటుకలతో, గుమ్మటాలతో ఎంతో అందంగా కట్టాడు. ఎవరికోసం కట్టాడో ఆ పల్లెవాళ్లు రామన్నారు. పాత సమాధుల పక్కన ఉన్న వాళ్ల బతుకుతెరువు వదులుకోమన్నది ప్రభుత్వం, ఒప్పుకున్నది వాళ్లు కాదు. ఊరు సగంలో ఆగిపోయింది. అల్జీరియాలోని మ్జాబ్ లోయలో 1990ల చివర మొదలైన తఫిలెల్ట్ అనే కొత్త ఊరు దీనికి పూర్తిగా తిరగేసిన కథ. స్థానికులే పూనుకున్నారు. ఖర్జూరపు తోపును ముట్టకుండా ఊరి బయటి రాతి గుట్ట ఎంచుకున్నారు. ఆ రాయే వాడారు, ఇళ్లు తీసుకునేవాళ్లూ పనిలో చెయ్యి వేశారు. ఇరుకు సందుల పాత నమూనాకే వంటగది, బాత్రూమ్ వంటి ఇప్పటి వసతులు చేర్చారు.

అంతా బాగున్నా, పక్కింటి ఆయన ఇల్లు వదిలేసి వెళ్లిపోతే? ఆయన కప్పు కూలాక మీ గోడ ఎండకూ వానకూ బయటపడుతుంది. మట్టి ఊళ్లు ఇలా ఒక్కో ఇల్లే వరసగా పోతాయి. ఉమ్మడి గోడ మరమ్మతు ఎవరిది, కార్లు ఊరి అంచున ఆపాలా, అంబులెన్స్ ఎంతవరకు రావాలి అన్నవి పునాది తవ్వకముందే కాగితం మీద పెట్టుకోవాలి. పదిహేను, ఇరవై కుటుంబాలు ఆ కాగితం మీద సంతకం పెట్టగలిగితే గోడలు కలపండి. లేకపోతే ఆశ పెట్టుకోకండి.

ఒంటరి స్థలమే దొరికిందా? ఇంటి పొడవు తూర్పు-పడమరలుగా పెట్టండి. కప్పు మీద గాలాడేలా ఇంకో తేలిక కప్పు వేయండి. బాత్రూమ్, స్టోర్‌రూమ్ పడమటి వైపు నెట్టండి. ఆ గోడకు మాత్రం కిటికీ పెట్టకండి, హద్దు దాకా కట్టే వీలుంటే అక్కడిదాకా కట్టండి. రేపు ఎవరైనా పక్కన ఇల్లు కడితే దానికే ఆనించుకోవచ్చు.