కారు టైరు అడిగితే కాదన్న జె.సి. రోడ్డు దుకాణం

నెలకోసారి బెంగళూరు నుంచి తిరుపతికి రాయల్ ఎన్‌ఫీల్డ్ మీటియోర్ 350 బైకు మీద వెళ్లివచ్చే నాకు, తిన్నని రహదారిపై వెనుక టైరు నడిమి భాగం త్వరగా అరిగిపోవడం పెద్ద బెంగ. అమెరికాలో హోండా వారి పెద్ద బైకు గోల్డ్ వింగ్ నడిపేవారు కొందరు వెనుక చక్రానికి కారు టైరు వేసుకుంటారని తెలిసి, బెంగళూరు జె.సి. రోడ్డులోని ఒక చిన్న దుకాణంలో అదే బిగించమని అడిగాను.

చిత్తూరు వైపు తెలుగు మాట్లాడే యజమాని విసుక్కోకుండా రెండు టైర్లను పక్కపక్కన నిలబెట్టి చూపించారు. బైకు టైరు గుండ్రంగా ఉండడం వల్ల బండి వాలినా నేలను పట్టుకుంటుందనీ, చదునైన కారు టైరైతే మలుపులో అంచు మీదే నిలుస్తుందనీ, పైగా రిమ్ములో కూర్చునే టైరు లోపలి అంచు (బీడ్) ఆకారమే వేరనీ, 17 అంగుళాల కారు టైరు వెడల్పుకు చైను పక్కన చోటు చాలదనీ వివరించారు. "మీ దారిలోని మొగిలి ఘాట్ మలుపుల్లో ఏం చేస్తారు సార్?" అన్న ప్రశ్నకు నా దగ్గర జవాబు లేదు.

చివరకు 140/70-17 కొలతలో బైకు టైరే వేశారు. ఆ టైరు పక్కగోడ మీదున్న నాలుగంకెల్లో మొదటి రెండు తయారైన వారాన్నీ, తర్వాతి రెండు సంవత్సరాన్నీ తెలుపుతాయని చూపించి మరీ బిగించారు. బ్యాలెన్సింగూ శ్రద్ధగా చేశారు. కూర్చునే చోటు లేక రెండు గంటలు నిలబడవలసి రావడం మాత్రం ఇబ్బందే. ముందు టైరు కూడా అక్కడే మార్పిస్తాను.